బియ్యప్పిండిలో కొండలు

మా కాలేజీలో చంద్రరావు గారంటే పడనివాళ్లు ఒక్కరూ లేరు. అదేమంత మంచి లక్షణం కాదని నేను ఆయన మొహం మీదే అనేదాన్ని. అందరి దగ్గరా మంచివాడనిపించుకోవాలంటే ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరి నెత్తిన చెయ్యి పెట్టక తప్పదు. ఆయనా పెట్టారు. ఎవరి నెత్తిన పెట్టారో, పెట్టాక ఆయనెలా నలిగిపోయారో దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

ఆయనది జియాలజీ, నాది జువాలజీ. ఇద్దరి ఇళ్లూ ధవళేశ్వరంలోనే. రోజూ ఒకే బస్సులో రాజమండ్రి వెళ్లి, ఒకే బస్సులో తిరిగొచ్చేవాళ్లం. ఒక్క సీటు దొరికితే నన్ను కూర్చోబెట్టి, తాను కడ్డీ పట్టుకుని నిలబడి కొండల గురించి చెప్పేవారు. ఆయన పుట్టింది నరసాపురం దగ్గర పల్లెలో. మా డెల్టాలో ఎంత తవ్వినా ఒండ్రు మట్టే. పొలంలో రాయి కనిపించిందంటే ఎవరో పడవలో తెచ్చి పడేసిందే. అలాంటిచోట పుట్టి, పోయి పోయి రాళ్ల మీద మనసు పడ్డారు. "మీకేంటండి భానుశ్రీ గారూ, చేపలు గోదారి నిండా ఉన్నాయి. నాకు రాయి చూడాలంటే లాంచీ కట్టించుకోవాలి" అనేవారు.

నిజంగానే ఏటా చలికాలంలో లాంచీ కట్టించేవారు. ఆఖరి సంవత్సరం పిల్లల్ని ఎక్కించుకుని గోదారి మీద పాపికొండల దాకా ప్రయాణం. ఇసుక తిన్నె దగ్గర లాంచీ ఆపుతారు. అబ్బాయిలు దిక్సూచులు పట్టుకుని కొండెక్కుతారు. కొండరాతిలో పొరలుంటాయి కదా, అవి ఏ దిక్కుగా సాగుతున్నాయో కొలిచి రాసుకోవడం అక్కడ అసలు పని. తూర్పు కనుమల్లో ఆ పొరలు మామూలుగా ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతాయి. ఏటా అబ్బాయిలు అదే తెచ్చేవారు, ఏటా మాస్టారు సంతోషించేవారు. ఇక అమ్మాయిలు లాంచీలోనే కూర్చుని, అబ్బాయిలు తెచ్చిన కొలతలు తమ రికార్డుల్లోకి ఎక్కించుకునేవారు. ఆడపిల్లలు లాంచీ దిగకూడదన్నది మాస్టారు పెట్టిన రూలే. "పరాయివాళ్ల పిల్లలండి, కాలు జారితే ఎవరు జవాబు చెబుతారు?" అనేవారు. కాలు అబ్బాయిలకి మాత్రం జారదా అని నేనడిగితే నవ్వేసేవారు.

నేను ఆ కాలేజీలో చేరకముందు, తొంభై ఒకటిలో, ఆ లాంచీ ఎక్కిన పిల్లల్లో ఇంద్రజ అని ఒకమ్మాయి ఉంది. భీమవరం దగ్గర రాజుల పిల్ల. కన్నకూతుర్ని కూడా గారూ, మీరూ అని పిలిచే ఇళ్లు వాళ్లవి. ఆ ఇళ్లలో ఆడపిల్లని డిగ్రీకి రాజమండ్రి హాస్టల్లో ఉంచడమే పెద్ద సంగతి. పైగా జియాలజీ! తండ్రి శ్రీరామరాజు గారు వరిచేలు మానేసి చేపల చెరువులు తవ్వించిన తొలివాళ్లలో ఒకరు. ఆయనకి కూతురంటే ప్రాణం. డిగ్రీ అవ్వగానే విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చదివిస్తానని మాటిచ్చారు. ఆ అమ్మాయికి అంతకుమించి ఇంకేం అక్కర్లేదు.

ఆ రోజు అబ్బాయిలు ఎప్పుడూ ఎక్కే కొండ ఎక్కారు. వంట చేసే అచ్చాయమ్మ కట్టెల కోసం ఎగువనున్న ఇంకో కొండవైపు బయల్దేరింది. ఇంద్రజ దిక్సూచి ఓణీలో చుట్టుకుని ఆమె వెనకాలే వెళ్లిపోయింది. ఆ కొండ నేరుగా నదిలోకి దిగుతుంది. అక్కడ పొరలు పాఠంలో చెప్పినట్టు లేవు. పైకి ఎక్కేకొద్దీ మెలి తిరిగి వాయవ్యానికి మళ్లుతున్నాయట. ఆ అమ్మాయి తప్పేమో అనుకుని మళ్లీ కొలిచింది. నాలుగు చోట్ల కొలిచినా అదే వచ్చింది. తిరిగొచ్చి డెక్కు మీద కూర్చుని పరికిణీ అంచుకి అంటుకున్న ముళ్లగింజలు ఒక్కొక్కటే పీకుతోంది. చంద్రరావు గారు కాఫీ గ్లాసు పట్టుకుని అటుగా వచ్చారు. ఆ గింజలు చూశారు. చూసి అటు తిరిగిపోయారు.

కాలేజీకొచ్చాక రికార్డులు దిద్దుతూ ఆ కొలతల దగ్గర ఆగారు. దిక్సూచి దగ్గర ఇనుముంటే ముల్లు పక్కకి లాగుతుందని మా జువాలజీ వాళ్లకి కూడా తెలుసు. లాంచీ ఒళ్లంతా ఇనుమే. ఇంకేముంది, ఈ పిల్ల డెక్కు మీద కూర్చునే దూరంగా ఉన్న కొండకి దిక్కు కట్టేసింది అనుకున్నారు. గింజలు గుర్తొచ్చాయట. ఒడ్డున నాలుగడుగులు వేసుంటుందిలే అని తనకి తానే సర్దిచెప్పుకున్నారట. మనసుకి సర్దిచెప్పుకోవడంలో ఆయన్ని మించినవారు లేరు. క్లాసులో నిలబడి, "ఇంద్రజ గారి కొండలు మన లాంచీ చుట్టూ తిరుగుతున్నాయర్రా" అన్నారు. క్లాసంతా నవ్వింది.

ఆ అమ్మాయి లేచి, "నేను కొండెక్కానండి. అచ్చాయమ్మ గారితో వెళ్లాను" అంది.

"కూర్చోమ్మా" అన్నారాయన. రికార్డు మీద ఎర్ర సిరాతో తప్పుడు కొలతలు అని రాసి, పాసు మార్కులేశారు.

కథ అక్కడితో ఆగినా బాగుండేది. మాస్టార్లు పొరపాట్లు చేస్తారు, పిల్లలు తట్టుకుంటారు. కానీ ఆ అమ్మాయి క్లాసులో అన్న మాట హాస్టలు దాటి భీమవరం దాకా వెళ్లింది. రాజుల పిల్ల ఎవరితోనో కొండల్లో తిరిగిందట అని మారిపోయి వెళ్లింది. శ్రీరామరాజు గారు కారులో వచ్చి స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడ్డారు. కోపంగా కూడా లేరట, భయపడుతున్నారట.

"మాస్టారూ, ఒక్కమాటండి. మా అమ్మాయి గారు కొండెక్కారా అండి?"

చంద్రరావు గారి కళ్లముందు ముళ్లగింజలు కదిలాయి. ఎక్కిందంటే, ఆడపిల్ల తన కాపలాలోంచి జారిపోయిందని ఒప్పుకోవాలి. ప్రిన్సిపాలుకి జవాబు చెప్పాలి. లాంచీ ప్రయాణాలు ఆగిపోతాయి. "లేదండి రాజు గారూ. ఆడపిల్లల్ని నేను లాంచీ దిగనివ్వను" అన్నారు.

రాజు గారు ఊపిరి పీల్చుకున్నారు. ఆ తర్వాత ఆయన మొహం మాడిపోయిందట. "అయితే ఎక్కానని మాతో అబద్ధం చెప్పారన్నమాట" అన్నారు. అబద్ధాలు చెప్పే పిల్లని విశాఖపట్నం పంపించలేనన్నారు. చదువు ఆగిపోయింది. తర్వాత పెళ్లయింది, నరసాపురంలో కాపురం. అది మంచి సంబంధమే, ఆ అమ్మాయి సుఖంగానే ఉందని చంద్రరావు గారు ఎవరూ అడక్కుండానే చెప్పేవారు. ఎవరూ అడక్కుండా ఎందుకు చెబుతున్నారో నాకప్పుడు తెలీదు.

తెలిసింది తొంభై ఆరు వేసవిలో. ఆ సెలవుల్లో ఆయన మా ల్యాబులో ఖాళీగా పడున్న చేపల అద్దాల తొట్టి అడిగారు. రిక్షాలో పెట్టించుకుని నేనే వాళ్లింటికి తీసుకెళ్లాను. పిల్లలకి కొండలెలా పుడతాయో కళ్లకి కట్టినట్టు చూపించాలని ఆయన ముచ్చట. తొట్టి అడుగున బియ్యప్పిండి ఒక వరస, దాని మీద రాగిపిండి ఒక వరస, మళ్లీ బియ్యప్పిండి, ఇలా పరిచారు. ఒక చివర చెక్క నిలబెట్టి మెల్లగా నెట్టారు. పిండి ముడతలు పడి పైకి లేచింది. అద్దంలోంచి చూస్తే తెల్లగా, ఎర్రగా పొరలు వంగి, ఒకదాని వెనక ఒకటి తిన్నగా వరసలు కట్టాయి. నాకు ముచ్చటేసి చప్పట్లు కొట్టాను.

ఆయన భార్య పాపాయి గారు వంటింట్లోంచి, "అది జంతికలకి పట్టించిన పిండండి. కొండలు అయిపోయాక మాకిచ్చేస్తే పొయ్యి వెలిగించుకుంటాం" అన్నారు.

"ఇంకొక్కసారి పాపాయీ" అన్నారు మాస్టారు. ఈసారి ఏం తోచిందో, పిండి పరిచే ముందు తొట్టి అడుగున రెండు అట్టముక్కలు పెట్టి, వాటి మధ్య ఏటవాలుగా సందు వదిలారు. అది పాత చీలికన్నమాట. భూమి ఎప్పుడో, కొండలు పుట్టకముందే, రెండుగా విడిపోబోయి ఆగిపోయిన చోటు. మన గోదారి పారేది అలాంటి పాత చీలిక వెంటేనని ఆయన బస్సులో చాలాసార్లు చెప్పారు. సందులో వదులుగా పిండి నింపి, పైన మామూలుగా పొరలు పరిచారు. పైనుంచి చూస్తే కింద చీలికుందని ఎవరికీ తెలీదు. చెక్క పట్టుకుని మళ్లీ అదే పక్కనుంచి నెట్టారు.

ముడతలు తిన్నగా వచ్చి వచ్చి, ఆ సందు దగ్గరికొచ్చేసరికి పక్కకి తిరిగాయి. దాని వెంట ఇరుక్కుని, మెలిపడి, వేరే దిక్కుకి సాగాయి.

"అరే, భలే ఉందండి! కింద దెబ్బ తిన్నచోటే పైనా వంగుతుందన్నమాట" అన్నాను.

తలెత్తి చూస్తే మాస్టారు చేతులనిండా పిండితో ముక్కాలిపీట మీద కూలబడ్డారు. మొహంలో రక్తం లేదు. గుండెనొప్పేమోనని పాపాయి గారు మంచినీళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఆయన గ్లాసు అందుకోలేదు. "ఆ పిల్ల కరెక్టుగానే కొలిచింది" అన్నారు. ఇప్పుడు నేను చెప్పిందంతా ఆ పూట ఆయన మా ఇద్దరికీ చెప్పిందే. 

పిండి సాక్ష్యం కాదు కదండీ అన్నాను, ఓదార్పుగా. నిజానికి నాకు ఒళ్లు మండుతోంది. మరుసటేడు అసలు సాక్ష్యం కూడా వచ్చింది. ఎవరో పరిశోధకుడు ఆ ఎగువ కొండల్లో తిరిగి, అక్కడ పొరలు పాత చీలికని అనుసరించి మళ్లాయని వ్యాసం రాశాడు. చంద్రరావు గారు దాన్ని బస్సులో నాకిచ్చి, కిటికీలోంచి కాలవ చూస్తూ కూర్చున్నారు.

"వెళ్లి చెప్పండి. ఆ అమ్మాయికి కాదు, వాళ్ల నాన్నగారికి. ఆయనే కదా అబద్ధాలకోరని ముద్రేసింది. మీరు చెబితేనే అది పోతుంది" అన్నాను.

"చెబుతానండి."

ఆ చెబుతాను అన్నది ఏళ్ల తరబడి నడిచింది. వరదలన్నారు, పరీక్షలన్నారు, పాపాయి గారికి మోకాళ్లన్నారు. ఒకసారి ముందు ఆ అమ్మాయికే చెబుతానని నరసాపురం బస్సెక్కి, పాలకొల్లులో దిగి వెనక్కొచ్చేశారు. లాంచీ ప్రయాణం మాత్రం మానలేదు. ఆడపిల్లల్ని ఇప్పుడైనా కొండెక్కిస్తారా అని నేనడిగిన ప్రతిసారీ వచ్చే ఏడు చూద్దామండి అనేవారు. మనిషి మాత్రం తగ్గిపోయారు. క్లాసులో ఏ అమ్మాయైనా లేచి ప్రశ్న అడిగితే, ఆయన పాఠం ఆపేసి బోర్డు తుడవడం మొదలుపెట్టేవారని పిల్లలు చెప్పుకునేవారు. జాలేసేది. ఆ వెంటనే కోపమొచ్చేది. ఇంత బాధపడే మనిషి ఒక్క మాట చెప్పడానికి అంత భయపడతాడేంటి?

రెండువేల నాలుగులో రిటైరయ్యారు. ఆ తర్వాతే కబురు తెలిసింది, శ్రీరామరాజు గారికి పక్షవాతం వచ్చిందని, కూతురు నరసాపురం తెచ్చుకుని తన దగ్గరే ఉంచుకుందని. "ఆయన పోయేలోపు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతారండి?" అని ఈసారి నేనే బస్సెక్కించాను. నేనూ వెంట వెళ్లాను. ఒంటరిగా పంపితే పాలకొల్లులో దిగిపోతారని నా భయం.

ఇల్లు రేవుకి దగ్గర్లోనే. వీధి అరుగు మీద ఆడవాళ్లు కూర్చుని లేసు అల్లుతున్నారు. ఇంద్రజ గుమ్మంలోకొచ్చింది. ముప్పై దాటిన మనిషి, చేతికి పిండంటుకుని ఉంది. మాస్టారిని చూడగానే పోల్చింది. "రండి మాస్టారూ, దయచేయండి" అని కుర్చీలు వేసింది. అంత మర్యాదగా పిలిచేసరికి ఆయన ఇంకా చిన్నబోయారు.

రాజు గారు మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నారు. ఎడమ చెయ్యి పడిపోయింది కానీ మాట స్పష్టంగానే ఉంది. "మాస్టారు గారా! ఎంత కాలమైందండి! అమ్మా ఇంద్రజా, మజ్జిగ ఇవ్వండమ్మా వారికి" అన్నారు.

మజ్జిగ వచ్చింది. చంద్రరావు గారు గ్లాసు ముట్టుకోలేదు. నిలబడే చెప్పేశారు, ఎక్కడా ఆగకుండా, పరీక్షలో అప్పజెప్పినట్టు. "రాజు గారూ, ఆ రోజు మీరు నన్నొక మాట అడిగారు. నేను అబద్ధం చెప్పానండి. మీ అమ్మాయి కొండెక్కారు. నాకు తెలుసు, ఎక్కినట్టు గుర్తులు చూశాను. నా ఉద్యోగానికి భయపడి లేదన్నాను. ఆవిడ కొలిచింది కూడా కరెక్టే. తప్పు నాది."

 వీధిలో ఆడవాళ్లు ఏదో అనుకుని నవ్వుకోవడం వినిపించింది. ఇక పెద్దాయన క్షమించేస్తారని, కూతురు కళ్లు తుడుచుకుంటుందని నేననుకున్నాను. అలాంటి సుఖాంతాలంటే నాకిష్టమే.

రాజు గారు మాస్టారి వైపు చూడలేదు. కూతురి వైపు తిరిగారు. "తులసికోట మీద చెయ్యేసి చెప్పారు కదమ్మా. కొండెక్కాను నాన్నగారూ అని. నేను వినలేదు. చదువుకున్న మాస్టారు అబద్ధం చెప్పరు కదా అనుకున్నాను" అన్నారు. దిండు మీద తల అటూ ఇటూ కొట్టుకున్నారు. "ఎంత పని చేశానమ్మా! ఎంత పని చేశాను!"

ఇంద్రజ ఆయన తల పట్టుకుని ఆపింది. అప్పుడు మావైపు చూసింది. ఆ చూపులో మర్యాద లేదు.

"ఎందుకొచ్చారండి ఇప్పుడు?" అంది. "ఆయనకి నామీద కోపం పోయి ఎన్నేళ్లో అయింది. చిన్నతనంలో ఏదో అబద్ధమాడిందిలే అనుకుని మర్చిపోయారు. నేనూ మళ్లీ ఎత్తలేదు. ఎత్తితే తప్పు తనదని ఆయనకి తెలుస్తుంది కదండీ. అది తెలిస్తే ఆయన తట్టుకోలేరు. అందుకే అబద్ధాలకోరులాగే ఉండిపోయాను. మీరొచ్చి మీ బరువు దించుకున్నారు. అది ఇప్పుడు ఎవరి మీద పడిందో చూడండి."

చంద్రరావు గారు చేతులు జోడించారు.  నాకూ సిగ్గేసింది. ఇంతకాలం వెళ్లి చెప్పండి, వెళ్లి చెప్పండి అని ఆయన్ని పొడిచినదాన్ని నేను. ఎవరికోసం చెప్పమంటున్నానో ఒక్కసారైనా ఆలోచించుకోలేదు. తొందరంతా నాదే, నష్టం మాత్రం ఆ మంచం మీది మనిషిది.

పెద్దాయన కాసేపటికి కుదుటపడ్డారు. మంచి చేత్తో కూతురి చెయ్యి పట్టుకున్నారు. పదమూడేళ్లలో ఎవరూ ఆ అమ్మాయిని అడగని మాట అడిగారు.

"ఏం చూశారమ్మా ఆ కొండ మీద?"

ఇంద్రజ చెప్పబోయింది. నోరు తెరిచి ఆగింది. కళ్లు చిట్లించి గోడవైపు చూసింది, మళ్లీ తండ్రి వైపు చూసింది. చాలాసేపు ప్రయత్నించింది.

"గుర్తు లేదండి నాన్నగారూ" అంది. "ఎక్కడం గుర్తుంది. అచ్చాయమ్మ గారు ముందు నడవడం గుర్తుంది. రాయి ఎలా ఉందో గుర్తు రావట్లేదు. అందరూ లేదు లేదంటుంటే, నేనే కల కన్నానేమో అనిపించేదండి. కొన్నాళ్లకి తలుచుకోవడం మానేశాను."

రాజు గారు ఒప్పుకోలేదు. పసిపిల్లవాడిలా పట్టుబట్టారు. "అయితే మీరు చెప్పండి మాస్టారూ. మీకు తెలుసు కదండీ. మా అమ్మాయి గారు ఏం చూశారో నాకు చెప్పండి. పోయేముందు వింటాను."

చంద్రరావు గారు పాఠం చెప్పే మనిషి. పాత చీలిక గురించి, మెలితిరిగిన పొరల గురించి గంట సేపు చెప్పగలరు. నాకోసం బస్సులో ఎన్నిసార్లు చెప్పలేదు! ఇప్పుడూ మొదలుపెట్టబోయి, ఇంద్రజని చూసి ఆగిపోయారు. కూర్చున్నారు.

"నేనెప్పుడూ ఎక్కలేదండి రాజు గారూ" అన్నారు. "ఆ కొండే కాదు, అక్కడ ఏ కొండా ఎక్కలేదు. అమ్మాయిల కాపలా అని ఏటా లాంచీలోనే కూర్చున్నాను. అబ్బాయిలు తెచ్చిందే పాఠం చెప్పాను. అది ఎలా ఉంటుందో నాకు తెలీదు."

రాజు గారు ఆయన్ని చాలాసేపు చూశారు. కోపం లేదు. కూతురి చెయ్యి మాత్రం వదల్లేదు.

"అయితే దాన్ని చూసింది మా అమ్మాయి గారొక్కరేనండి" అన్నారు.